తిరుమల కొండలో కనిపించని యాభై కోట్ల ఏళ్ళు

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళకు కొండ రోజూ కళ్ళెదుటే ఉంటుంది. పొద్దున్నే వాకిట్లోకి వస్తే అటు తిరిగి దండం పెట్టుకోవడం మాకు అలవాటు. నేనూ అట్లా దండం పెట్టుకుంటూనే పెరిగాను గానీ, ఆ కొండలో రెండు కొండలున్నాయని ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ చదవడానికి చేరేదాకా నాకు తెలియదు.

ఈసారి అలిపిరి వైపు వెళ్ళినప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. కింది భాగం ఏటవాలుగా, గుండ్రటి బండలతో, చెట్టూచేమలతో పైకి పోతుంటుంది. ఒకచోట ఆ వాలు తెగిపోయి, అక్కడినుంచి గోడ కట్టినట్టు నిట్టనిలువు రాయి మొదలవుతుంది. కింద ఉన్నది గ్రానైట్. పైన గోడలా లేచింది క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి రాయైనది. దానికి నగరి క్వార్ట్‌జైట్ అని పేరు, మన నగరి పేరే. గ్రానైట్ వయసు 250 కోట్ల ఏళ్ళ పైమాటే. పై రాయి దానికంటే చాలా చిన్నది. రెండూ ఒకదాన్నొకటి అంటుకునే ఉన్నాయి. ఆ గీత మీద చెయ్యి ఆనిస్తే ఒకే అరచేతి కింద రెండూ పడతాయి. కానీ ఆ గీతలో కనీసం 50 కోట్ల ఏళ్ళ కాలం మాయమైంది. అన్నేళ్ళూ ఇక్కడ గ్రానైట్ నేల వానకూ గాలికీ అరిగిపోతూనే ఉంది తప్ప, దాని మీద నిలిచిపోయే రాయి ఏదీ పేరుకోలేదు. పేరుకున్నా మిగల్లేదు.

దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే వాళ్ళు జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించి ఘాట్ రోడ్డులో బోర్డు కూడా పెట్టారు. బస్సులో గోవింద నామాలు చెప్పుకుంటూ పోయే మనకు ఆ బోర్డు కంటికి ఆనదు. నాకు మాత్రం ఇప్పటికీ అక్కడికి రాగానే ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకంటే, ఆ లేని కాలంలోనే భూమి మీద గాలి మారిపోయింది. కింది రాయి పుట్టినప్పటి గాలి వేరు, పై రాయి పుట్టినప్పటి గాలి వేరు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి మా చిన్నాయన కారణం.

మొన్న మే నెలలో పాకాల దగ్గర ఆయన తోటకు పోయాను. తోతాపురి తోట. చెట్టు కింద నులక మంచం వేసుకుని కూర్చున్నా గాలి సెగలాగే తగులుతోంది. మాటల్లో నేను వాతావరణ మార్పు సంగతి ఎత్తాను. చిన్నాయనకు కోపం వచ్చింది. "ఈ కొండలు ఎన్ని ఎండలు చూసుంటాయో నీకేం తెలుసురా? మా అబ్బ కాలంలోనూ కరువులొచ్చినాయి, పోయినాయి. నువ్వే కదా చెప్తివి, ఒకప్పుడు ఈడ సముద్రం ఉండిందని. భూమికి మారడం కొత్తా?"

అప్పుడు నోట మాట రాలేదు. ఆయనతో వాదించేంత చనువు లేక కాదు, ఆయన మాటలో సగం నిజం ఉంది కాబట్టి. భూమికి మారడం కొత్త కాదు. ఆ మారిన తీరు తెలిసినవాళ్ళకే ఇప్పుడు ఎక్కువ భయం ఎందుకో ఆయనకు చెప్పాలని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను.

భూమి వయసు 454 కోట్ల ఏళ్ళు. మొదట్లో ఉన్న గాలి చాలావరకు అగ్నిపర్వతాలు కక్కినదే. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్. ఆవిరి చల్లబడి వానై, ఆ వాన సముద్రాలైంది. విడిగా ఆక్సిజన్ దాదాపు లేనే లేదు. మన కొండ కింది గ్రానైట్ నేల లోతుల్లో చల్లారి గట్టిపడే రోజుల్లో పైన వీచింది ఆ గాలే. అందులో మనిషిని నిలబెడితే కొన్ని నిమిషాలు కూడా బతకడు.

గాలికి శిలాజం ఉండదు కదా, ఇదంతా ఎట్లా తెలిసిందని అడగొచ్చు. రాళ్ళే చెప్పాయి. పైరైట్ అని ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఒకటుంది. దాన్ని ఏటి నీళ్ళలో, గాలి తగిలేచోట వదిలేస్తే తుప్పుపట్టి నాశనమవుతుంది. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ రాళ్ళలో, ఆ పాతకాలపు నదులు దొర్లించి నున్నగా చేసిన పైరైట్ గులకలు ఇప్పటికీ ఉన్నాయి. ఇవాళ మన స్వర్ణముఖిలో అట్లాంటి గులక అంత దూరం దొర్లి మిగలదు. అప్పుడు మిగిలిందంటే గాలిలో ఆక్సిజన్ లేదన్నమాట.

ఆక్సిజన్‌ను తెచ్చింది కంటికి కనపడని జీవులు. సయనోబాక్టీరియా అంటారు. చెరువు గట్టున నీలిపచ్చగా పట్టే పాచిలో ఇప్పటికీ ఇవి ఉంటాయి. ఎండను, నీళ్ళను, కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుని తిండి చేసుకుంటూ, మిగిలిన ఆక్సిజన్‌ను బయటికి వదిలేవి. అవి కట్టిన రాతి కట్టడాలు చూడాలంటే ఎంతో దూరం పోనక్కర్లేదు. కడప జిల్లా వేంపల్లె రాళ్ళలో స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. క్యాబేజీని అడ్డంగా కోస్తే ఎట్లుంటుందో అట్లా పొర మీద పొర. నేను మొదటిసారి వాటిని వేలితో తడిమినప్పుడు మా సారు పక్కన నిలబడి, "నువ్వు పీల్చే గాలికి పునాది వేసింది ఇట్లాంటివాళ్ళే" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

మొదట వచ్చిన ఆక్సిజన్ గాలిలోకి చేరలేదు. సముద్రంలో కరిగి ఉన్న ఇనుము దాన్ని పట్టుకుని తుప్పుగా మారి అడుగుకు దిగింది. బళ్ళారి, సండూరు, ఓబుళాపురం ఇనుప రాయి ఆ పాత సముద్రాల ఇనుమే. పట్టుకునేవి తగ్గిపోయాక, ఇప్పటికి దాదాపు 240 కోట్ల ఏళ్ళ కింద, ఆక్సిజన్ గాలిలో నిలవడం మొదలైంది. మన కొండలో లేని కాలం అదే.

చిన్నాయనకు నేను చెప్పాలనుకున్నది ఇక్కడ ఉంది. ఆ మార్పు ఊరికే జరిగిపోలేదు. అప్పటి జీవుల్లో చాలావాటికి ఆక్సిజన్ విషం. గాలిలో ఉన్న మీథేన్‌ను కూడా ఆక్సిజన్ తినేసింది. మీథేన్ భూమిని వెచ్చగా ఉంచే వాయువు. అది తగ్గడం వల్లనే ఆ కాలంలో భూమి మీద విపరీతంగా మంచు కమ్ముకుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆ తర్వాత జంతువులు ఊపిరి పీల్చుకోగలిగేంత ఆక్సిజన్ కూడడానికి మరో 150 కోట్ల ఏళ్ళకు పైనే పట్టింది. అవును, భూమి మారింది. మారిన ప్రతిసారీ అప్పటిదాకా ఉన్నవాళ్ళ లెక్కలు తారుమారయ్యాయి.

ఇంకొక సంగతి. భూమి తొలినాళ్ళలో సూర్యుడి వెలుగు ఇప్పటిదాంట్లో 70 నుంచి 75 శాతమే. ఇప్పటి గాలి అప్పుడుంటే సముద్రాలు గడ్డకట్టి ఉండాలి. గడ్డకట్టలేదు, నీళ్ళు పారినట్టు రాళ్ళు చెబుతున్నాయి. 1972లో కార్ల్ సేగన్, జార్జ్ ముల్లెన్ ఈ చిక్కుముడిని ముందుకు తెచ్చారు. దానికి జవాబుగా ఎక్కువమంది ఒప్పుకునేది, అప్పటి గాలిలో వేడిని పట్టి ఉంచే వాయువులు ఇప్పటికంటే చాలా ఎక్కువ అన్నదే. అంటే గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ అనేది మనకు శత్రువు కానే కాదు. అది లేకపోతే నేను లేను, ఈ కొండ మీద చెట్టు లేదు. ఇవాళ కూడా అది లేకుంటే భూమి సగటు వేడి సున్నాకు కింద 18 డిగ్రీలు ఉండేది. ఉన్నందువల్ల 15 డిగ్రీల దగ్గర ఉంది.

మరి ఆ పాతకాలపు కార్బన్ డయాక్సైడ్ అంతా ఎక్కడికి పోయింది? మీ వంటింట్లోకి పోయి చూడండి. మన వైపు పాత ఇళ్ళలో గట్టు మీద కడప బండే పరిచి ఉంటుంది. దాని మీద కోసిన నిమ్మచెక్క బోర్లా పెట్టి మర్చిపోతే, తీసినచోట తెల్లటి మరక మిగులుతుంది. మా అమ్మ ఆ మరకలు చూసి ఎన్నిసార్లు తిట్టిందో. కడప బండ సున్నపురాయి. నిమ్మలోని పులుపు దాన్ని కరిగించి, అందులో బంధించి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి వదులుతుంది. అచ్చమైన సున్నపురాయి వంద కిలోలు తీసుకుంటే అందులో 44 కిలోలు కార్బన్ డయాక్సైడే. అంటే మనం చపాతీలు ఒత్తుకునే గట్టు దాదాపు సగం పాత గాలి.

వాన పడేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొంచెం కరిగి, వాననీరు అతి కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ నీళ్ళు చంద్రగిరి బండల్లాంటి గ్రానైట్ మీద పడి, ఏళ్ళ తరబడి దాన్ని కరిగించి, అందులోని కాల్షియంను ఏటి వెంట సముద్రానికి మోసుకుపోతాయి. అక్కడ అది సున్నపురాయిగా అడుగున పేరుకుంటుంది. వేడి పెరిగితే వానలూ ఈ కరగడమూ పెరిగి గాలిలో కార్బన్ తగ్గుతుంది. చలి పెరిగితే కరగడం నెమ్మదించి, అగ్నిపర్వతాలు వదిలేది గాలిలో కూడుతుంది. సూర్యుడు ప్రకాశవంతమవుతూ వచ్చినా భూమి మాడిపోకుండా ఉన్నది ఈ ఏర్పాటు వల్లనే. పక్కనున్న శుక్రుడు దాదాపు భూమి అంతే ఉంటాడు, కానీ అక్కడ నీళ్ళు లేవు, ఈ ఏర్పాటు లేదు. కార్బన్ అంతా గాలిలోనే ఉండిపోయింది. గాలిలో 96 శాతం కార్బన్ డయాక్సైడ్, నేల మీద 460 డిగ్రీల వేడి. దాదాపు అంతే కార్బన్ మన భూమికీ ఉంది, మనది రాళ్ళలో ఉంది.

ఈ ఏర్పాటుకు ఉన్న లోపం ఒక్కటే, అది పనిచేయడానికి లక్షల ఏళ్ళు కావాలి.

ఇక వేడి ఎట్లా నిలుస్తుందన్నది. దీన్ని 'దుప్పటి కప్పినట్టు' అని చెప్పి వదిలేస్తారు. మదనపల్లె, కుప్పం వైపు కూరగాయలు పండించే పాలీహౌస్‌తో పోలుస్తారు. పాలీహౌస్‌లో వేడి నిలిచేది ముఖ్యంగా గాలి కదలకుండా కప్పు అడ్డుపడటం వల్ల. ఆకాశంలో జరిగేది వేరు. గ్రీన్‌హౌస్ అనే పేరు అట్లా పడిపోయింది, అంతే.

ఎండాకాలం పొద్దుగూకాక బండ దగ్గర, తాకకుండా, జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి చూడండి. సెగ తగులుతుంది. కంటికి కనపడని ఆ సెగే ఇన్‌ఫ్రారెడ్. భూమి మొత్తం రాత్రింబవళ్ళు ఆ సెగను ఆకాశంలోకి వదులుతూనే ఉంటుంది. గాలిలో నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం, ఆర్గాన్ ఇంచుమించు ఒక శాతం. ఈ మూడూ ఆ సెగను దాదాపు పట్టించుకోవు, దాటిపోనిస్తాయి. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ పట్టుకుంటాయి. అందుకే పుష్యమాసంలో ఆకాశం తేటగా ఉన్న రాత్రి చలి కొరికేస్తుంది, మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు. ఇది పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం ఎక్కువ వేడెక్కడం గమనించారు. 1859లో జాన్ టిండాల్ ఆ వాయువులు సెగను పట్టుకోవడాన్ని పరికరాలతో కొలిచారు. 1896లో స్వాంటే అర్హీనియస్ గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో లెక్క కట్టారు. ఇదేదో నిన్నా మొన్నా పుట్టించిన మాట కాదని చెప్పడానికే ఈ పేర్లన్నీ చెబుతున్నాను.

"పదివేలలో నాలుగు పాళ్ళ చిల్లర ఉన్న వాయువుకు అంత బలమా?" అని మా ఆఫీసులో ఒకాయన అడిగారు. గుడిలో తీర్థం పుచ్చుకుంటారు కదా, బిందెడు నీళ్ళలో పచ్చకర్పూరం ఎంత వేస్తారు? మిగతా నీళ్ళకు వాసన లేదు కాబట్టి ఆ చిటికెడే తెలుస్తుంది. గాలిలో 99 శాతానికి ఈ విషయంలో పనే లేదు. పని ఉన్నది ఆ మిగిలిన కొంచెంతోనే.

ఇంకాస్త చదువుకున్నవాళ్ళు ఇంకో ప్రశ్న వేస్తారు. ఉన్న కార్బన్ డయాక్సైడే తన వంతు సెగను నేల దగ్గరే పట్టేసుకుంటోంది కదా, ఇంకా చేరితే ఏమవుతుందని. ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు మన కొండే చెబుతుంది.

తిరుపతిలో 40 డిగ్రీలున్న రోజు తిరుమలలో నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉంటుంది. సూర్యుడికి దగ్గరైతే వేడి పెరగాలి కదా అని చిన్నప్పుడు అనుకునేవాడిని. గాలి వేడెక్కేది చాలావరకు కింద నేల నుంచి. పైకి లేచేకొద్దీ వ్యాకోచించి చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు. ఇప్పుడు ఆ కొండ పైన ఇంకో కొండ, దాని పైన ఇంకోటి, అట్లా ఆరు తిరుమల కొండలు పేర్చారనుకోండి. దాదాపు ఐదు కిలోమీటర్లు. నేల వదిలిన సెగ ఒక్క దూకులో అంతరిక్షంలోకి పోలేదు. ఒక పొర పట్టుకుంటుంది, మళ్ళీ వదులుతుంది, పై పొర పట్టుకుంటుంది. సగటున ఆ ఐదు కిలోమీటర్ల ఎత్తుకు చేరాకే అడ్డం లేకుండా బయటపడుతుంది. అక్కడ చలి సున్నాకు కింద 18 డిగ్రీలు. 15 లోంచి ఆరున్నర చొప్పున ఐదుసార్లు తీసేయండి, దాదాపు అక్కడికే వస్తుంది. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

కార్బన్ డయాక్సైడ్ ఇంకా చేరితే ఆ తప్పించుకునే మెట్టు ఇంకా పైకి జరుగుతుంది. పైన ఇంకా చలి. చల్లటి గాలి తక్కువ సెగను వదులుతుంది. సూర్యుడి నుంచి వచ్చేది అంతే, పోయేది తగ్గింది. చెరువు తూముకు అడ్డంగా రాయి పడితే ఏమవుతుంది? నీటిమట్టం పెరుగుతుంది. పెరిగిన బరువుకు తూములోంచి మళ్ళీ వచ్చినంత నీరూ పోతుంది, కానీ చెరువు మాత్రం పైమట్టంలోనే నిలుస్తుంది. భూమి అట్లా వేడెక్కుతుంది. ఆ మెట్టు 150 మీటర్లు పైకి జరిగితే కింద ఒక డిగ్రీ పెరుగుతుంది. ఆ ఒక్క డిగ్రీకి గాలి దాదాపు ఏడు శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలుగుతుంది. ఆవిరి కూడా సెగను పట్టేదే కాబట్టి వేడి ఇంకా పెరుగుతుంది.

2021 నవంబరులో తిరుపతిలో కురిసిన వాన మేమెవరం మర్చిపోలేం. అలిపిరి మెట్ల మీద ఏరు పారింది. కపిలతీర్థం ఉరిమింది. ఘాట్ రోడ్డులో చరియలు విరిగిపడ్డాయి. ఆ ఒక్క వానకు కారణం ఇదేనని నేను అనను, వానకు వంద కారణాలుంటాయి. కానీ వేడెక్కిన గాలి ఎక్కువ నీళ్ళను మోస్తుందనేది మాత్రం మారని లెక్క.

సంఖ్యలు చెప్పి ముగిస్తాను. మంచు పొరల్లో చిక్కుకున్న గాలి బుడగలు ఎనిమిది లక్షల ఏళ్ళ లెక్క చెబుతున్నాయి. ఆ కాలమంతా కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళలో 180కీ 300కీ మధ్యనే ఊగింది. రెండు శతాబ్దాల కింద 280. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు 315. 2024 నాటికి 420 దాటింది. అగ్నిపర్వతాల వల్ల అనేవాళ్ళున్నారు. ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ ఏడాదికి వదిలేది మనం వదిలేదాంట్లో నూరో వంతు కూడా లేదు. సింగరేణి బొగ్గు కోట్ల ఏళ్ళ కింద చెట్లు గాలిలోంచి తీసి దాచిన కార్బన్. సిమెంటు బట్టీలో కాల్చే సున్నపురాయి, వానలు కోట్ల ఏళ్ళు కష్టపడి దాచినది. రెండింటినీ ఒకేసారి విప్పేస్తున్నాం. 5 కోట్ల 60 లక్షల ఏళ్ళ కింద ఇట్లాగే గాలిలోకి కార్బన్ వెల్లువలా చేరి ఐదారు డిగ్రీలు వేడి పెరిగింది. అప్పుడది చేరడానికి వేల ఏళ్ళు పట్టింది, మళ్ళీ సర్దుకోవడానికి లక్ష ఏళ్ళు దాటింది. కొండకు లక్ష ఏళ్ళు లెక్కలోకి రావు. మామిడి చెట్టుకు వస్తాయి. మనకూ వస్తాయి.

నిజానికి ఈ విషయంలో నాకంటే పెద్ద సాక్షి చిన్నాయనే. మామిడికి పూత రావాలంటే రాత్రి చలి ఉండాలి. "మునుపట్లా చలి పడటం లే, పూత ఒకేసారి రావడం లే" అని నాలుగేళ్ళుగా ఆయనే అంటున్నాడు. ప్రపంచం మొత్తం మీద పగళ్ళకంటే రాత్రుళ్ళే ఎక్కువగా వేడెక్కాయి. ఆయన తోటకు పోయే దారిలోనే గాదంకి. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో వెయ్యికి పైగా యాంటెన్నాలతో పెద్ద రాడార్ ఉంది. 90వ దశకం నుంచి మన నెత్తిమీది గాలిని కిలోమీటర్ల ఎత్తు దాకా గమనిస్తోంది. బెలూన్లూ వదులుతారు. ఆ బెలూన్లు ఎందుకని చిన్నాయన ఎప్పుడూ అడగలేదు.

పోయిన నెల మళ్ళీ వెళ్ళినప్పుడు నేను వాదన పెట్టుకోలేదు. వాళ్ళ వంటింటి కడప గట్టు అంచున మేకుతో గీకి, రాలిన పొడి మీద నిమ్మరసం పిండాను. సన్నటి నురగ లేచింది. చిన్నాయన కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. ఇది యాభై కోట్ల ఏళ్ళ పైనాటి గాలి అని చెప్పాను. బుడగలు పూర్తిగా ఆగిపోయేదాకా అట్లాగే చూస్తూ నిలబడి, "మల్లా ఇది రాయి కావాలంటే ఎన్నేండ్లు పడుతుంది?" అని అడిగాడు.

"లక్షల ఏళ్ళు, చిన్నాయనా."

ఆయన ఏమీ అనలేదు. తువ్వాలతో గట్టు తుడిచి, తోటలోకి పోదాం రమ్మన్నాడు.